బైకు దొంగతనం కేసు: తీర్పు కంటే ముందే పడే శిక్ష

‘అంతర్ జిల్లా బైకు దొంగల అరెస్టు, పది ద్విచక్ర వాహనాలు స్వాధీనం’. జిల్లా పేజీల్లో తరచూ కనిపించే శీర్షిక ఇది. వరుసగా నిలబెట్టిన బళ్లు, వెనక ముసుగులేసిన కుర్రాళ్లు, పక్కన పోలీసు అధికారులు. ఫొటోతో వార్త అయిపోతుంది. కేసు మాత్రం అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టులో ఏం జరుగుతుందో రాసేవాళ్లు తక్కువ.

2022 చివరి నాటికి దేశంలోని ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలే. అందులో ఐదో వంతు వరకు ఎస్సీలు. 2011 జనగణన ప్రకారం జనాభాలో ఎస్సీల వాటా 16.6 శాతం. ఈ తేడా ఎక్కడ పుడుతుందో అర్థం కావాలంటే హత్య కేసుల కంటే బైకు దొంగతనం వంటి చిన్న కేసులనే ఎక్కువగా గమనించాలి.

ముందు సెక్షన్ చూడాలి

2024 జూలై 1కి ముందు జరిగిన దొంగతనానికి ఐపీసీ 379 వర్తిస్తుంది. ఆ తర్వాత జరిగినదానికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 303(2). రెండింటిలోనూ తొలిసారికి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. ప్రయాణికులనో సరుకులనో చేరవేసే వాహనాన్ని దొంగిలిస్తే 305 కింద 7 ఏళ్ల వరకు పడొచ్చు. దొంగసొత్తు అని తెలిసి తీసుకున్నవారిపై 317(2) పెడతారు. కాగితాల్లేని పాత బండిని తక్కువ ధరకు కొన్న కూలీ ఇరుక్కునేది ఇక్కడే.

303(2) కేసులో వాహన యజమాని ఒప్పుకుంటే రాజీ కుదురుతుంది. లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. 305కి ఆ వీలు లేదు. ఇక 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో కారణాలు రాయకుండా యాంత్రికంగా అరెస్టు చేయకూడదని అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఆచరణలో రిమాండ్ మామూలు వ్యవహారమైపోయింది.

ఒక మనిషి, పది కేసులు

పది బళ్లు దొరికాయంటే సాధారణంగా పది ఎఫ్‌ఐఆర్‌లు. అవి వేర్వేరు స్టేషన్లవీ, వేర్వేరు కోర్టులవీ కావచ్చు. ఒక కేసులో బెయిల్ వచ్చేలోపు ఇంకో స్టేషన్ వాళ్లు పీటీ వారెంట్ మీద తీసుకెళ్తారు. 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది కానీ, ఆ గడువును ప్రతి కేసులో విడిగా లెక్కపెడతారు.

కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో ఉంటే విడుదల చేయాలి. మూడేళ్ల నేరానికి అది ఏడాది. చదవడానికి బాగుంది. అదే సెక్షన్‌లోని రెండో ఉపనిబంధన, ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదంటుంది. అంటే, ఈ కుర్రాళ్ల దగ్గరికొచ్చేసరికి తలుపు మూసుకుపోతుంది.

బెయిల్ వచ్చినా జామీనుదారులు కావాలి. పది కేసులకు పది జతల పూచీకత్తులు. సెంటు భూమి లేని వాడ నుంచి వీళ్లను ఎక్కడ తేవాలి? 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీ మేస్త్రీకి 10 వేల రూపాయల పూచీకత్తు అడిగినప్పుడే, పేదవాడికి ఇలాంటి షరతు న్యాయం కాదని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. బెయిల్ వచ్చిన నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను పరిశీలించవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సూచించింది.

సాక్ష్యం ఎంత బలమైనది?

చాలా కేసుల్లో ఆధారం ఒక్కటే: నిందితుడు పోలీసుల ముందు ‘ఒప్పుకున్నాడు’, బండి చూపించాడు. పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదు. బండి దొరకడానికి నేరుగా దారితీసిన మాట వరకే కోర్టు తీసుకుంటుంది. దానికి సాక్షులు పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తులు. వాళ్లు కోర్టుకొచ్చి ‘స్టేషన్‌లో సంతకం పెట్టమంటే పెట్టాం’ అంటే కేసు బలహీనపడుతుంది. స్వాధీనాన్ని వీడియో తీయాలని కొత్త చట్టం (సెక్షన్ 105) చెబుతోంది. ఆ వీడియో ఎక్కడని అడగడం డిఫెన్స్ చేయాల్సిన మొదటి పని. అయితే, చోరీ జరిగిన కొద్ది రోజులకే బండి నిందితుడి దగ్గర దొరికి, అతను లెక్క చెప్పలేకపోతే, కోర్టు అతనికి వ్యతిరేకంగా ఊహించవచ్చు.

‘ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి’

సాక్ష్యం ఇంత పలచగా ఉన్నా విచారణ దాకా ఆగేవాళ్లు ఎంతమంది? ఐదారు నెలలు లోపలున్నవాడికి వినిపించే సలహా ఒకటుంది: నేరం ఒప్పుకో, ఇప్పటిదాకా ఉన్న కాలాన్నే శిక్షగా లెక్కేస్తారు, ఇంటికెళ్లిపో. విడిచిపెట్టాల్సిన కేసులు కూడా ఇలా శిక్షతో ముగుస్తాయి.

ఈ సలహా ఇప్పుడు మరింత ప్రమాదకరం. 303(2) కింద రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది, గరిష్ఠంగా 5 ఏళ్ల కఠిన కారాగారం. పది కేసులు విడివిడిగా నడుస్తుంటే, మొదటిదాంట్లో ఒప్పుకోవడం మిగతా తొమ్మిదింట్లో ప్రాసిక్యూషన్‌కు ఈ వాదన అందించినట్టే. పైగా, ఏకకాలంలో అమలవ్వాలని కోర్టు చెప్పకపోతే శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో తొమ్మిది కరెంటు చోరీ కేసుల్లో నేరం ఒప్పుకున్న ఒక వ్యక్తికి ఒక్కోదాంట్లో రెండేళ్ల చొప్పున మొత్తం 18 ఏళ్లు పడ్డాయి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, అన్నీ కలిపి అమలు చేయమంటేనే అతను బయటపడ్డాడు.

బండి పోయినవాళ్లూ మనవాళ్లే

డెలివరీ కుర్రాడికైనా కూలీకైనా బండే బతుకుదెరువు. దొరికిన బండిని స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టనివ్వకూడదని, ఫొటోలు తీసి బాండు మీద ఇచ్చేయాలని సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. అందుకు 497 కింద పిటిషన్ వేయాలి. ఆర్‌సీ పాత యజమాని పేరు మీదే ఉంటే ఇక్కడే ఆగిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవెంటనే పేరు మార్పించుకోమనేది అందుకే.

మనం అడగాల్సినవి

ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ నంబరు 15100. న్యాయవాది రాగానే నాలుగు విషయాలు అడగాలి: మొత్తం ఎన్ని కేసులున్నాయి, పీటీ వారెంట్లు ఏవి? ప్రతి కేసులో 60వ రోజు ఎప్పుడు? యజమానితో రాజీకి వీలుందా? నేరం ఒప్పుకోక తప్పకపోతే 1958 ప్రొబేషన్ చట్టం కింద అడిగారా?

ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. 21 ఏళ్ల లోపువారిని ఇలాంటి కేసుల్లో జైలుకు పంపాలంటే కోర్టు కారణాలు రాయాలి. సత్ప్రవర్తన బాండు మీద విడుదలైతే, శిక్ష పడినందువల్ల వచ్చే అనర్హత వర్తించదని ఆ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. రేపు కానిస్టేబుల్ పరీక్షకో, గ్రూప్-4కో దరఖాస్తు చేసే కుర్రాడికి ఆ ఒక్క పిటిషన్ విలువ చాలా ఎక్కువ. విద్యార్థి సంఘాలు, హక్కుల కార్యకర్తలు రిమాండ్ రోజునే కోర్టు దగ్గర ఉండగలిగితే, ‘ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి’ అనే మాట వినిపించే ముందే ఆ కుర్రాడికి ఈ సంగతులు చెప్పొచ్చు.