ఛాతీలో పేగుల చప్పుడు

హెర్నియా అనగానే మనవాళ్ళు గజ్జల్లోనో, బొడ్డు దగ్గరో ఉబ్బు కోసం చూస్తారు. పైకి ఏమీ కనబడని హెర్నియా ఒకటుంది. పుట్టుకతోనే వస్తుంది; కొందరిలో నలభై, యాభై ఏళ్ళు వచ్చేదాకా కిక్కురుమనదు.

ఛాతీకీ పొట్టకీ మధ్య కండతో అల్లిన అడ్డుగోడ విభాజక పటలం. జంతుశాస్త్రం చదివిన మిత్రులకు కొత్త కాదు. తల్లి కడుపులో తొలి నెలల్లోనే ఈ గోడ పూర్తికావాలి. వెనకవైపు మూల మూసుకోకపోతే కంత మిగిలిపోతుంది. 1848లో ప్రేగ్ నగరపు శరీరశాస్త్రజ్ఞుడు బోక్డాలెక్ దీన్ని వర్ణించాడు గనుక ఆయన పేరే పెట్టారు. ఎడమవైపే ఎక్కువ. సుమారు 3,000 కాన్పుల్లో ఒక బిడ్డకు ఈ లోపం ఉంటుంది. చాలామందికి పుట్టగానే ఊపిరాడక సంగతి బయటపడుతుంది. కంత చిన్నదై, దానికి ప్లీహమో కొవ్వో అడ్డుపడితే మనిషి మామూలుగానే పెరుగుతాడు.

మా బారువలో కొబ్బరిచెట్లెక్కే మనిషినొకణ్ణి ఊహించుకోండి. భోంచేసి నడుం వాలిస్తే ఆయాసం, ఎడమ డొక్కలో పోటు. ఇంట్లోవాళ్ళు గ్యాసంటారు. ఉద్దానం గదా, వెంటనే కిడ్నీల భయం. రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగుందంటే అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, ఆయన తప్ప!

బరువెత్తినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో, ఆడవాళ్ళకైతే నిండు గర్భంలోనో పేగు కంతలోంచి పైకి జారుతుంది. అక్కడ మెలిపడితే రక్తప్రసారం ఆగి కుళ్ళుతుంది. ఇక వాంతులు, భరించలేని నొప్పి, గంటల్లో ప్రాణం మీదికి. బారువ నుంచి విశాఖ కె.జి.హెచ్. దాదాపు రెండువందల కిలోమీటర్లు. అందుకే ముందుగా కనిపెట్టడం ముఖ్యమని నేననేది.

ఎక్స్‌రేలో నీడ కనబడితే నెమ్మనో, నీరు చేరిందనో పొరబడే వీలుంది. నీరు తీద్దామని గొట్టం గుచ్చితే పేగుకే చిల్లు పడవచ్చు. స్టెతస్కోపు పెడితే ఛాతీలో పేగుల గురగుర వినబడిందా, గుట్టు సగం తెలిసినట్టే. తక్కిన సగం సి.టి. స్కాన్ చెబుతుంది. మన ప్రాంతంవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: కిడ్నీ జబ్బుంటే, స్కాన్‌కు రంగుమందు ఎక్కించేముందే ఆ సంగతి చెప్పాలి.

మందులతో కంత పూడదు. ఆపరేషన్ చేసి, పేగుల్ని కిందికి దించి, కంతను కుడతారు. పెద్దదైతే వలలాంటి మెష్ అమరుస్తారు. ఇప్పుడు చిన్న గాట్లతో లాపరోస్కోపు ద్వారానూ చేస్తున్నారు. పసిబిడ్డల్లో ఊపిరితిత్తి ఎదగకపోవడమే పెద్ద గండం. పెద్దవాళ్ళకు సాధారణంగా ఆ చిక్కుండదు గనుక, పేగు చెడకముందే చేస్తే చక్కగా కోలుకుంటారు. చెట్టెక్కడం మాత్రం సర్జన్ సరేననేదాకా ఆపాల్సిందే.