బి.ఎం.ఎక్స్. సైకిలుకు వెనుక బ్రేకు అమర్చుట

పిల్లవాని చేతికి సైకిలు ఇచ్చునపుడు అది ఎంత వేగముగా పోవునో చూతుము గాని, ఎంత దూరములో ఆగునో చూడము. ఈ ప్రసంగమున ఆ రెండవ విషయమును గూర్చి, అందును బి.ఎం.ఎక్స్. అనబడు చిన్న సైకిలు వెనుక బ్రేకును గూర్చి మనవి చేయదలచినాము.

ఈ సైకిలు పుట్టినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున. 1970 ప్రాంతమున అచ్చటి బాలురు మోటారు సైకిళ్ళ పందెములను చూచి, తమ చిన్న సైకిళ్ళతో మట్టిబాటలపైన, గుట్టలపైన అటువంటి పందెములే ఆడసాగిరి. 'బైసికిల్ మోటోక్రాస్' అను పేరునకు పొడి అక్షరములే బి.ఎం.ఎక్స్. 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకు స్థానము లభించినది. సామాన్యముగా దీని చక్రములు 20 అంగుళములవి. అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య నియమముల ప్రకారము పందెమునకు వచ్చు బండికి హ్యాండిలు మీది లీవరుతో పనిచేయు వెనుక బ్రేకు ఉండి తీరవలెను. ముందు బ్రేకు ఉన్నను లేకున్నను సరియే. కావున అనేక బండ్లకు ఆగుటకు ఆధారము ఆ ఒక్క బ్రేకే. పైగా బ్రేకు పట్టినపుడు బరువు ముందుకు మొగ్గును. వెనుక చక్రము నేలను పట్టుకొను బలము తగ్గును. ఉన్న ఒక్క బ్రేకు లోపము లేకుండ ఉండవలసిన అవసరము ఇందువలన మరింత ఎక్కువ.

మా మేనల్లునికి అట్టి సైకిలు ఒకటి కలదు. ఒకనాడు దాని చైను వదులుకాగా, మేమే నట్లు విప్పి చక్రమును కొంచెము వెనుకకు లాగి బిగించినాము. బ్రేకు పట్టి చూచినాము, చక్రము ఆగినది. పని ముగిసినదనుకొన్నాము. కొన్ని దినముల తరువాత చూడగా టైరు ప్రక్క భాగము ఒరసికొనిపోయి లోపలి దారములు బయటపడినవి. బ్రేకు రబ్బరు రిమ్మును విడిచి టైరును పట్టుచుండెను! ఇంకొక వారము గడచిన ఆ టైరు ఏ పల్లమునందు పగిలియుండునో తలచుకొన్న ఒళ్ళు జలదరించినది. వీధి చివర సైకిలు షాపు పెద్దాయన దానిని చూచి, "అయ్యగారూ, చైను ముట్టుకున్న చెయ్యి బ్రేకు కూడా ముట్టుకోవాలండీ" అన్నాడు. ఈ ప్రసంగమునకు మూలము ఆ మాటయే.

దాని కారణము తెలిసికొందము. గేర్లు గల సైకిళ్ళలో పెక్కింటికి చైనును లాగిపట్టుటకు వేరొక స్ప్రింగు సాధనము ఉండును. బి.ఎం.ఎక్స్.కు అది లేదు. చక్రము ఇరుసు ఫ్రేములోని పొడుగాటి గాడిలో ముందు వెనుకలకు జరుగును. చైను బిగింపు ఆ జరుపుట వలననే కలుగును. కాని బ్రేకు చేతులు ఫ్రేమునకు అతుకబడియున్నవి, అవి జరుగవు. చక్రము వెనుకకు పోయినకొలది రిమ్ము రబ్బరునకు దూరమై, రబ్బరు టైరు వైపునకు చేరును. చక్రము ముందుకు వచ్చిన, రబ్బరు పుల్లల వైపునకు దిగును. మొదటి దానివలన టైరు తెగును. రెండవ దానివలన రబ్బరు పుల్లలలో చిక్కుకొని చక్రము బిగిసిపోవును. అందుచేత ముందు చక్రము, తరువాత రబ్బరు, ఆ తరువాత తీగె, చివరకు స్ప్రింగు - ఈ వరుస తప్పరాదు.

నేడు చాలా బండ్లకు కనబడునది రెండు నిలువు చేతులుగల వీ-బ్రేకు. దానినే తీసికొందము. మొదట చైనును మధ్యలో వ్రేలితో నొక్కిన సుమారు ఒక సెంటీమీటరు కదలునట్లు చక్రమును నిలిపి, రిమ్మునకు ఇరుప్రక్కల ఫ్రేముతో సమానమైన సందు ఉండునట్లు చూచి, నట్లను గట్టిగా బిగింపవలెను. చక్రమును త్రిప్పిచూడుడు. రిమ్ము వంకరగా ఊగుచున్నచో ముందు పుల్లలు సరిచేయించుడు. వంకర రిమ్మునకు మంచి బ్రేకు ఎవరును అమర్చలేరు.

తరువాత ఫ్రేము మీది రెండు మొలలను తుడిచి, కొంచెము గ్రీజు పూసి, బ్రేకు చేతులను ఎక్కింపవలెను. మొల ప్రక్కన సాధారణముగా మూడు రంధ్రములుండును; స్ప్రింగు కొనను నడిమి దానిలో ఉంచవలెను. బోల్టు బిగించిన పిమ్మట చేయి ధారాళముగా ఆడవలెను.

ఇక రబ్బరులు. ప్రతి రబ్బరు రిమ్ము మీద పూర్తిగా ఆనవలెను. దాని పై అంచు రిమ్ము అంచునకు ఒక మిల్లీమీటరు క్రిందుగా ఉండవలెను. టైరును తాకరాదు, రిమ్ము క్రిందికి జారరాదు. నట్టు బిగించునపుడు రబ్బరు తానును తిరుగును. కనుక దానిని ఒక చేత రిమ్మునకు అదిమిపట్టి, రెండవ చేత బిగింపుడు. రబ్బరునకు ఇరువైపుల నుండు మందము వాషరును, పలుచని వాషరును అటునిటు మార్చి, పట్టినపుడు బ్రేకు చేతులు దాదాపు నిటారుగా నిలుచునట్లు చేయవలెను. బ్రేకు కీచుమన్నచో, చక్రము తిరుగు దిశలో ముందున్న కొన ఒక మిల్లీమీటరు ముందుగా తగులునట్లు అమర్చిన చాలును.

పిమ్మట తీగె. దాని పై గొట్టము మరీ పొడుగుగా ఉండరాదు. హ్యాండిలును ఇరువైపులకు పూర్తిగా త్రిప్పినను లాగునంత పొట్టిగాను ఉండరాదు. లీవరు దగ్గరి చిన్న గొట్టపు మరను రెండు చుట్లు మాత్రమే వెలికి త్రిప్పి ఉంచవలెను. ముందుముందు సరిచేయుటకు అదియే ఆధారము. రెండు రబ్బరులకు రిమ్మునుండి ఒక్కొక్క మిల్లీమీటరు సందు ఉంచి, తీగెను లాగి, బోల్టుతో బిగింపుడు. అటుపిమ్మట లీవరును పది మారులు గట్టిగా నొక్కుడు. క్రొత్త తీగె సాగి వదులు బయటపడును. దానిని మరల లాగి బిగింపవలెను. లీవరు కూడ వీ-బ్రేకుకు తగినదే కావలెను. ఇతర బ్రేకుల లీవరు తీగెను చాలినంత లాగదు.

చిట్టచివరకు ఒక రబ్బరు రిమ్మును ఒరసికొనుచున్నచో, ఆ చేతి ప్రక్కనున్న చిన్న మరను కుడివైపునకు అర చుట్టు త్రిప్పుడు. స్ప్రింగు బిగిసి ఆ రబ్బరు దూరముగా జరుగును. చాలామంది మొదట త్రిప్పునది ఈ మరనే. చక్రము ప్రక్కకు ఉండగా దీనిని ఎంత త్రిప్పినను లోపము దాగును గాని పోదు.

పని ముగిసిన వెంటనే పిల్లవానిని ఎక్కింపరాదు. లీవరు పూర్తిగా నొక్కినను పిడిని తాకరాదు. బండిని చేతితో ముందుకు నెట్టి బ్రేకు పట్టిన, వెనుక చక్రము నిలిచిపోవలెను. తరువాత పెద్దవారెవరైన సమతలముపై నడక వేగమున నడిపి చూడవలెను. రిమ్ముపై నూనె చుక్క పడనీయరాదు. రబ్బరు మీది గాడులు అరిగిపోయినప్పుడు క్రొత్తవి వేయవలెను.

పిల్లవాడు బ్రేకును పరీక్షించి ఎక్కడు. పెద్దలు చూచియుందురను నమ్మకముతో ఎక్కును. చైను బిగించిన ప్రతిసారి ఇంకొక పావుగంట కూర్చుండి రబ్బరుల వంక చూచుట ఆ నమ్మకమునకు మనము చెల్లింపవలసిన బాకీ.