మల్లినాథుని నియమము – ముఖసౌందర్యము

మెదకు సమీపముననున్న కుల్చారము పేరు వినగానే సాహిత్యాభిమానులకు కోలాచల మల్లినాథసూరి స్ఫురించును. కాళిదాసు కావ్యములకు సంజీవనీ వ్యాఖ్యను రచించిన ఆ మహనీయుడు, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కర లేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. కావ్యమున ఆయన పాటించిన ఆ నియమములు నేడు మన ముఖములకును అవసరమగుచున్నవి.

ముడుతలను పూడ్చుటకును, పెదవులను, చెక్కిళ్లను నింపుటకును చర్మము క్రింద సూదితో ఎక్కించు పదార్థములను ఫిల్లర్లందురు. ఈ కోరిక క్రొత్తది కాదు. 1899లో వియన్నా శస్త్రవైద్యుడు గెర్సునీ మెత్తని పారఫిన్‌ను దేహములోనికి ఎక్కించి లోటు పూడ్చు పద్ధతిని ఆరంభించెను. మొదట మెచ్చిన లోకమే, తరువాత అది గడ్డలు కట్టి ముఖములను వికృతమొనర్చుట చూచెను.

నేడు విరివిగా వాడునది హయాలురోనిక్ ఆమ్లము. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనువారు పశువుల కంటి నుండి దీనిని వేరుచేసిరి. మన చర్మమునందును సహజముగ నున్న ఈ పదార్థము నీటిని పట్టియుంచును. ఫిల్లరుగా ఎక్కించినది క్రమముగ కరగిపోవును. అవసరమైనచో హయాలురోనిడేస్ అను ఎంజైముతో కరగింపవచ్చును. సిలికోన్ ద్రవమునకు అట్టి విరుగుడు లేదు.

మరి అపాయ మెచట? ముఖమున రక్తనాళములు వలవలె అల్లుకొనియున్నవి. ఫిల్లరు నాళములో ప్రవేశించినచో రక్తప్రసారము నిలిచి చర్మము చచ్చిపోవచ్చును. ముక్కు, కనుబొమల నడుమ నాళములకు కంటి నాళములతో సంబంధముండుటచే చూపే పోవచ్చును. పోయిన చూపు తిరిగివచ్చుట అరుదు. తీవ్రమైన నొప్పి, చర్మము పాలిపోవుట, చూపు మసకబారుట, మాట తడబడుట కనబడినచో క్షణమైనను జాగు చేయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

కావున వైద్యుని పేరు తెలంగాణ వైద్య మండలి పట్టికలో నున్నదా, ఈ పనిలో శిక్షణ యున్నదా, విరుగుడు మందు చెంత నున్నదా యని ముందే విచారింపవలెను. మందు పేరు, గడువు తేదీ చూచి, తమ యెదుటనే విప్పించుకొనవలెను. ఇంట వాడుకొను సూదిలేని కలములను గూర్చి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021లోనే హెచ్చరించినది. ఆ సంస్థ ఫిల్లర్లను ఆమోదించినది 21 ఏండ్లు దాటినవారికి మాత్రమే యని విద్యార్థులు గుర్తింపవలెను.

ఉపాధ్యాయులకు ఒక మాట. తరగతిలో ఒక బాలిక ముక్కును గూర్చి యెవరో చేసిన ఎగతాళి ఆమె మనసున ఏండ్ల తరబడి నిలువవచ్చును. సూదికన్న ముందు గ్రుచ్చుకొనునది ఆ మాటయే. దానిని అక్కడనే ఆపగలవారు మీరు. అటుపిమ్మటనైనను సూది నాశ్రయింపగోరువారు మల్లినాథుని రెండు ప్రశ్నలు వేసికొందురుగాక: దీనికి ఆధార మేమి? దీని యక్కర యేమి?