బిడ్డల పండ్లు : పాలపన్ను మొదలు పదునెనిమిదవ యేటివరకు

సంతలో గిత్తను కొనబోవు రైతు మొట్టమొదట దాని నోరు తెరచి చూచును. పాలపండ్లలో నున్నదో, రెండు పండ్లు వేసినదో, నాలుగు వేసినదో తెలిసికొనిన పిదపగాని బేరమునకు దిగడు. ఈ విద్య యాతడు ఏ బడిలోను నేర్చినది కాదు. తండ్రితాతల వలన వచ్చినది. అట్టి రైతునే, 'నీ బిడ్డకు ఎన్ని పండ్లున్నవి? అందు పాలపండ్లెన్ని, నిలుచు పండ్లెన్ని?' యని యడిగినచో సమాధానము చెప్పగలవారు అరుదు. ఎద్దు పండ్లను మనము కాపాడవలసిన పని లేదు. గడ్డియు, చొప్పయు వానికి కీడు చేయవు. మన బిడ్డలకు మనము పెట్టు తిండి యట్టిది కాదు గనుక వారి నోరు చూచుట మఱింత యవసరము.

మనుష్యులకు పండ్లు రెండు విడతలుగా వచ్చును. మొదటి విడతవి పాలపండ్లు, అవి యిరువది. సాధారణముగా ఆరవ నెల ప్రాంతమున, అనగా అన్నప్రాశన జరుపు దినములలో, క్రింది వరుసన ముందుపండ్లు రెండు మొలచును. కొందరికి ఏడాది నిండువరకును మొలవకపోవచ్చును. దానికి భయపడ నక్కరలేదు. మూడవ యేటికి ఇరువదియు నిండును. పై వరుస ముందు మొలచినచో మేనమామకు గండమని కొన్ని యిండ్లలో తల్లడిల్లుదురు. దానివలన మేనమామకు గాని బిడ్డకు గాని వచ్చు కీడేమియు లేదు.

నిజముగా కీడు చేయునది వేఱొక నమ్మకము. పండ్లు వచ్చు దినములలో బిడ్డకు జ్వరమో, విరేచనములో పట్టుకొన్నచో 'పండ్లు వచ్చుచున్నవి, అవియే తగ్గును' అని యూరకుందురు. పన్ను మొలచునపుడు చిగురు దురదపెట్టుట, చొల్లు కారుట, బిడ్డ విసిగికొనుట, కనబడినదానినెల్ల కొరుకుట సహజమే. ఎక్కువ జ్వరమును, నీళ్ళ విరేచనములును పండ్లవలన కలుగవు. ఆ వయస్సున బిడ్డ ప్రాకుచు, నేలమీది ప్రతి వస్తువును నోట బెట్టుకొనును. ఆ త్రోవను రోగక్రిములు కడుపున చేరును. అట్టి బిడ్డకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు త్రాగించుచు, చనుబాలు మానక యిచ్చుచు, వెంటనే వైద్యునికి చూపవలెను. పండ్ల పేరు చెప్పి రెండు దినములు జాగు చేసినచో ఒంటిలోని నీరు పోయి ప్రాణమునకే ముప్పు రావచ్చును.

మొదటి పన్ను కనబడిన దినమునుండియే దానిని శుభ్రము చేయవలెను. అంతకు పూర్వము తడిగుడ్డతో చిగుళ్ళను తుడిచిన చాలును. పన్ను వచ్చిన పిదప చిన్నపిల్లలకై చేసిన మెత్తని బ్రష్షును కొని, బియ్యపుగింజయంత పేస్టుతో ఉదయమును, రాత్రియు తోమవలెను. మూడేండ్లు నిండిన తరువాత బఠాణీగింజయంత చాలును. బ్రష్షు పొడుగునను పేస్టు పరచుట ప్రకటనల బొమ్మలలోని పద్ధతిగాని, బిడ్డలకు తగినది కాదు.

పన్ను ఎట్లు పుచ్చునో తెలిసినచో తక్కిన జాగ్రత్తలన్నియు తామే తోచును. తోడు వేసిన పాలు రాత్రికి రాత్రి పులియుట మనమెఱుగుదుము. పాలలోని తీపిని కంటికి కనబడని జీవులు తిని పులుపుగా మార్చుటయే దానికి కారణము. నోటిలోను అట్టి జీవులున్నవి. పండ్ల సందులలో చిక్కిన తీపిని తిని అవి పులుపును విడుచును. ఆ పులుపు పంటి పైనున్న తెల్లని గట్టిపొరను కొంచెము కొంచెముగా కరగించును. ఉమ్మినీరు ఆ పులుపును కడిగి, కరగినదానిని కొంత మరల పూడ్చును గాని, దానికి కాలము కావలెను. ఒక్కమారు భోజనములో తిన్న తీపికంటె, పూటంతయు చప్పరించు చిన్న బిళ్ళ యెక్కువ చెఱుపు చేయుట యందువలననే. నిద్రలో ఉమ్మినీరు మిక్కిలి తగ్గును. కావున పాలసీసాను నోట బెట్టి బిడ్డను నిదురపుచ్చుట పండ్లకు పగ. అందును పంచదార కలిపిన పాలైనచో రెండేండ్లు నిండకమునుపే పై వరుస ముందుపండ్లు గోధుమవన్నెకు తిరిగి, మొద్దులై, విరిగిపోవును. సీసా కావలసియే వచ్చినచో పాలు త్రాగించి, నోరు తుడిచి, తరువాత పండుకొనబెట్టవలెను.

'మేము పంచదార పెట్టము, బెల్లమే పెట్టుదుము' అని కొందరు తల్లులు తృప్తిపడుదురు. చెఱకు రైతులకు ఈ మాట రుచింపదేమోగాని, పంటి విషయమున బెల్లమునకును పంచదారకును భేదము లేదు; సందులలో అంటుకొనుట బెల్లమునకు మఱింత యెక్కువ. తీపి పెట్టదలచినచో భోజనముతోపాటు పెట్టుడు, నడుమ నడుమ పెట్టకుడు. మన గ్రామములలో చిన్న దుకాణములన్నింటను వ్రేలాడు అయిదు రూపాయల బిస్కత్తు పొట్లములకంటె గుప్పెడు వేరుసెనగలు, జామకాయ ముక్క, వేయించిన సెనగలు బిడ్డకును మేలు, పండించినవానికిని మేలు. మిక్కిలి చిన్నబిడ్డలకు మాత్రము గింజలు గొంతున నడ్డుపడును గనుక అవి వలదు.

పుచ్చిన పంటిలో పురుగు లేదు. జాతరలలో పొగపెట్టి పురుగును రాల్చెదమని డబ్బు గుంజువారు మోసగాండ్రు.

ఇక మన గృహములలో తఱచుగా వినబడు మాటకు వచ్చెదము. 'పాలపండ్లే గదా, ఊడిపోవునవే గదా!' ముందుపండ్లు ఆరేడేండ్లకు ఊడును, నిజమే. ఊడినదానిని పేడలో పెట్టి యింటికప్పుపైకి విసరుట పిల్లలకు వేడుక. కాని పాలపండ్లలో దవడపండ్లు పది, పండ్రెండేండ్లవరకు ఊడవు. అయిదవ యేట పుచ్చిన దవడపన్ను ఇంకను అయిదారేండ్లు బిడ్డకు అన్నము నమిలి పెట్టవలసియున్నది. నొప్పికి తాళలేక బిడ్డ ఒక ప్రక్కనే నమలును, సరిగా తినదు, రాత్రులు నిద్రపోదు, బడిలో కునికిపాట్లు పడును. ఆ పుచ్చు వేరువరకు దిగి చీము పట్టినచో, క్రింద ఎముకలో పెరుగుచున్న నిలుచు పన్నునకును దెబ్బ తగులును.

మఱియొక ముఖ్యమైన సంగతి గలదు. పాలపన్ను తన క్రింద రాబోవు పన్నుకొరకు చోటు పట్టియుంచును. దానిని కాలము రాకమునుపే పీకించినచో, పొలములో సరిహద్దురాయిని తీసివేసిన ప్రక్కరైతు నాగలి జరిగినట్లు, వెనుక పన్ను ముందుకు జరుగును. తరువాత వచ్చు పన్నునకు చోటు చాలక అడ్డముగానో, వంకరగానో మొలచును. కావున పుచ్చిన పాలపన్నును గుంత చిన్నదిగా నున్నప్పుడే పూడ్పించుట లాభము. పీకివేయక తప్పనిచో, ఆ చోటు మూసికొనిపోకుండ తీగకట్టు వేయుట సాధ్యమగునా యని దంతవైద్యుని అడుగవలెను.

ఇంతకంటెను ముఖ్యమైనది ఆరవ యేటి దవడపన్ను. ఇది యేదియు ఊడిన తరువాత వచ్చునది కాదు. పాలపండ్లన్నింటికిని వెనుక, సందడి లేక, ఖాళీ చిగురునుండి మొలచును. పై వరుసన రెండు, క్రింది వరుసన రెండు. ఏదియు ఊడలేదు గనుక తల్లిదండ్రులు దానిని గుర్తింపరు. గుర్తించినను పాలపన్నే యనుకొందురు. పుచ్చినపుడు, 'ఊడిపోవునదే' యని యూరకుందురు. అది ఊడదు, ఊడినచో మరల రాదు. డెబ్బది యేండ్లవరకు ఉండవలసిన పన్ను తొమ్మిదేండ్లకే నాశనమగుట మనము గమనింపని నష్టము. దాని నమలెడి ముఖమున లోతైన గాడులుండును. పిల్లలు తోమునపుడు బ్రష్షు అంత వెనుకకు పోదు. ఈ రెండు కారణములచేత నిలుచు పండ్లన్నింటిలో అది త్వరగా పుచ్చును.

దానిని గుర్తించుట సులభము. బిడ్డ నోరు తెరపించి, వరుస నడిమినుండి ఒక ప్రక్కకు వ్రేలితో లెక్కింపుడు. అయిదువరకు పాలపండ్లు. ఆరవది కనబడినచో అది నిలుచు పన్ను. ఏడవ యేట ప్రతి బిడ్డకును ఈ లెక్క వేయుట మంచిది. ఆ పన్ను పూర్తిగా పైకి వచ్చిన వెంటనే దాని గాడులను పలుచని పూతతో మూయించుట దంతవైద్యులెఱిగిన పని. అందు తొలుచుట లేదు, సూది లేదు, నొప్పి లేదు. గుంత పడిన పిదప పూడ్పించుటకును, నరమువరకు దిగిన పిదప వైద్యము చేయించుటకును అగు వ్యయముతో పోల్చిన నది స్వల్పము.

ఏడెనిమిదేండ్లవరకు బిడ్డ తానే చక్కగా తోముకొనలేదు. తోముకొననిచ్చి, చివర పెద్దవారొకరు వెనుక పండ్లకు బ్రష్షు త్రిప్పవలెను. ఉదయము దొడ్డిలో తోముట మనకు అలవాటేగాని రాత్రి తోముట అలవాటు లేదు; రెంటిలో రాత్రిదే యెక్కువ ముఖ్యము. బూడిద, ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు పంటి పొరను గీచివేయును. వేపపుల్ల పెద్దలకు పనికివచ్చునుగాని బిడ్డ లోపలి దవడకు అందదు. మన సహకార దుకాణములలో ఎరువుల ప్రక్కన పిల్లల బ్రష్షులను కూడ టోకుధరకు తెప్పించి యుంచిన నేమి యని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

నీటి సంగతి విడువరాదు. కొన్ని ప్రాంతముల బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండును. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి 1937లో వైద్యులు ప్రకటించినది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములనుండియే. ఎద్దులు కీళ్ళు బిగిసి నడువలేకుండుటను అంతకుముందే గమనించినవారు అచ్చటి రైతులు. నల్లగొండ పేరు ఈ విషయమున అందఱును వినినదే. పన్ను చిగురు క్రింద తయారగుచున్న కాలముననే, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపల త్రాగిన నీటివలననే, పండ్లపై సుద్దమచ్చలు, గోధుమచారలు ఏర్పడును. అది మురికి కాదు. ఇటుకపొడితో రుద్దినచో మచ్చ పోదు, పన్ను అరగును. నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతింపవచ్చుననియు మన ప్రభుత్వ ప్రమాణము. అట్టి యూళ్ళవారు నీటిని పరీక్షింపించి, చిన్నబిడ్డలకైనను నదీజలమునో, శుద్ధిచేసిన నీటినో త్రాగింపవలెను. ఏ పేస్టు వాడవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఇతర ప్రాంతముల బిడ్డలకు మాత్రము, ఉమ్మివేయుట నేర్పి, ఫ్లోరైడుగల పేస్టు వాడుట పుచ్చును నివారించును. ఒకచోట విషమైనది మఱియొకచోట మందగుట ఎరువుల వాడకము నెఱిగిన రైతుకు క్రొత్తకాదు.

పండ్రెండవ యేట ఇంకొక దవడపన్ను వచ్చును. పండ్లు ఎగుడుదిగుడుగా నున్నచో చూపింపవలసిన వయస్సును అదే. ఆ ప్రాయమున బాలురు చేయి చాచు గుట్కా, ఖైనీ సంగతి కఠినముగానే చెప్పవలెను. పొగాకు పండించు రైతులు మనలో ననేకులున్నారు. పంట వేఱు, బిడ్డ నోరు వేఱు. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, పాఠశాలలకు నూరు గజములలోపల అమ్మరాదనియు 2003వ సంవత్సరపు చట్టము. మన యూరి దుకాణదారునకు దానిని గుర్తుచేయుట పంచాయతీ పెద్దల పని.

2013లో నెలకొన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పదునెనిమిదేండ్లలోపు పిల్లలను అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను వైద్యబృందములు పరీక్షించుట కలదు. అందు పండ్లును చేరియున్నవి. వారు వచ్చు దినమున బిడ్డను పత్తితీతకు తీసికొనిపోక బడికి పంపుడు. పెద్ద చికిత్సలకు హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు గలవు.

ఆటలలోనో, సైకిలుమీదనుండి పడియో నిలుచు పన్ను వేరుతోసహా ఊడివచ్చినచో దానిని పాఱవేయకుడు. వేరును ముట్టక, తెల్లని కొనను పట్టుకొని, మట్టి యంటినచో రుద్దక, నీటిలో క్షణకాలము కడిగి, దాని గూటిలోనే నిలిపి, గుడ్డ కఱపించి దంతవైద్యునికడకు పోవలెను. అట్లు పెట్టుట చేతకానిచో చల్లని పాలలో వేసి కొనిపోవలెను. రైతు యింట పాలకు కొదువ యుండదు. ఎంత శీఘ్రముగా పోయిన నంత మేలు. గంటలోపల పోయినచో పన్ను మరల నాటుకొను ఆశ యెక్కువ. ఊడినది పాలపన్నైనచో మాత్రము మరల పెట్టరాదు. క్రింద పెరుగుచున్న పన్ను చెడును.