డ్యాష్‌బోర్డులో శబ్దమా? విప్పే ముందు వినండి

కారు డ్యాష్‌బోర్డు వెనుక శబ్దం రాగానే విప్పించడం తొందరపాటే అవుతుంది. అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోందో గమనిస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

ముందుగా ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి బ్లోయరు వేగం పెంచాలి. వేగంతోపాటు శబ్దమూ పెరిగితే లోపం బ్లోయరుదే. చెట్ల కింద నిలిపే కార్లలో ఎండుటాకులు అందులో చిక్కుకుంటుంటాయి. గతుకుల్లో మాత్రమే గలగలలాడితే వదులైన క్లిప్పులు, మరలు, గ్లోవ్‌బాక్సులోని వస్తువులను పరిశీలించాలి.

ఏసీ ఆపాక కొద్దిసేపు వినిపించే బుసబుస సహజమే. నీరు పారుతున్నట్లు బుడబుడమంటే మాత్రం కూలెంట్ తగ్గి ఉండవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడిగా ఉండగా తీస్తే మరిగే ద్రవం ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది.

గీరుతున్న చప్పుడు, దుర్వాసన ఉంటే ఎలుకలు చేరినట్లు అనుమానించాలి. అవి తీగలు కొరికితే షార్ట్‌సర్క్యూట్ జరిగి మంటలు చెలరేగే ప్రమాదముంది. అటువంటి కారును నడపకుండా మెకానిక్‌నే పిలిపించడం శ్రేయస్కరం.

సొంతంగా విప్పే ప్రయత్నం వద్దు. దేశంలో 2019 జూలై నుంచి డ్రైవరుకు, 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో పక్క సీటుకూ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. సాధారణంగా పసుపు తొడుగుతో ఉండే దాని తీగలను కదిపితే అది ఒక్కసారిగా పేలి గాయపరచవచ్చు. బ్యాటరీ కనెక్షన్ తొలగించాక, శిక్షణ పొందిన మెకానిక్ మాత్రమే ఆ పని చేపట్టాలి. శబ్దం ఏ వేగంలో, ఏ స్విచ్ వేస్తే వచ్చిందో రాసిపెట్టుకుని చెబితే అతని పని సులువవుతుంది, యజమానికి ఖర్చూ తగ్గుతుంది.