గోడ లేవకముందే కిటికీ

ఇల్లు కట్టుకొనువారు వంటగదిని గూర్చి, పూజగదిని గూర్చి నెలలకొలది ఆలోచింతురు. కిటికీల మాట వచ్చుసరికి ‘మేస్త్రీ చూచుకొనును’ అందురు. మేమును అట్లే అన్నవారమే. పడమటి గోడకు పెద్ద అద్దాల కిటికీ పెట్టించుకొని, పది వేసవులు దానిని పాత దుప్పటితో కప్పుకొన్నాము.

విజయవాడ అక్షాంశము సుమారు 16½ డిగ్రీలు. మే మొదటి వారములోను, మరల ఆగస్టు మొదటి వారములోను మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉండును. కావున వేసవిలో దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడు చాలును. పడమటి ఎండ అట్టిది కాదు. మూడు గంటలు దాటగానే సన్‌షేడు క్రిందుగా దూరి మంచము వరకు వచ్చును. దానిని బయటనే ఆపవలెను. చెక్క రెక్కలైనను, వెదురు తడికయైనను, వేపచెట్టయినను సరే. లోపలి తెర వలన ప్రయోజనము స్వల్పము, అద్దము దాటిన వేడి అప్పటికే గదిలోనికి వచ్చినది గదా!

వేసవి సాయంకాలము పైరగాలి దక్షిణ, ఆగ్నేయ దిక్కులనుండి వీచును. ఆ వైపున కిటికీ ఒక్కటే చాలదు. వచ్చిన గాలి పోవుటకు ఎదుటి గోడలోను దారి ఉండవలెను. ఉక్క ఎక్కువగా ఉండు ప్రాంతములలో గది నేలలో ఆరవ వంతు కిటికీలకు విడువవలెనని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెప్పుచున్నది. 120 చదరపు అడుగుల గదికి రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల కిటికీలు రెండు ఉన్నచో లెక్క సరిపోవును.

ఇక బిగింపు. చెక్క చట్రమును గోడ లేచుచుండగనే నిలుపుదురు. గోడలో దాగు ముఖమునకు ముందుగా తారు పూయించవలెను. తూకపు గుండు వేసి చూచుటయే గాక, మూలనుండి మూలకు రెండు కొలతలును తీసి సరిపోల్చవలెను. అవి సమానము కానిచో రెక్క ఎన్నటికిని సరిగా పడదు. అల్యూమినియము, ప్లాస్టిక్ కిటికీలు గిలాబు అయిన పిదప వచ్చును. వాటికి ఖాళీని పైన, నడుమ, క్రింద మూడు చోట్ల కొలిచి, తక్కువ కొలతను పట్టుకొనవలెను. ఏ కిటికీకైనను క్రింది గట్టు బయటికి వాలుగా ఉండవలెను. వాన నీరు లోనికి వచ్చిన ఇండ్లలో తప్పు తరచు ఇక్కడనే కనబడును.

డెల్టాలోని నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. కిటికీ మూలలనుండి ఏటవాలుగా పోవు పగుళ్ళకు తరచు అదియే కారణము. పునాది సంగతి ఇంజనీరును అడుగవలసినదే గాని, లింటెలును కిటికీకొక ముక్కగా గాక ఇంటి చుట్టును ఒకే పట్టీగా వేయించుట మేలు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. ఏ కిటికీయు దానికి అడ్డు కాదు. తుపాను గాలి మాట వేరు. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ ఊడినచో, లోనికి చొచ్చిన గాలి పైకప్పును క్రిందినుండి ఎత్తును. రేకుల ఇండ్లకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ. కావున గడియలు పైన, క్రింద రెండును ఉండవలెను. చట్రమును గోడకు పట్టి ఉంచు ఇనుప పట్టీలు ప్రక్కకు మూడేసి చొప్పున కాంక్రీటులో దిగవలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ వీధులలో నిలిచినది. అట్టి వేళ వాకిలి నీటిపాలైనచో, ఊచలు బిగించిన కిటికీ ఇంటివారినే బంధించును. కావున ఇంటికి ఒక్క కిటికీకైనను లోపలినుండి తెరచుకొను ఊచల తలుపు పెట్టించుడు. దాని తాళపుచెవి బీరువాలో దాచక, బయటివారి చేతికి అందనంత దూరములో, ఆ గోడకే మేకునకు తగిలించి ఉంచుడు.