రాత్రిపూట గాలి పీల్చే మొక్కలు

రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఆ పులుపు దాదాపు పోతుంది. ఈ తేడాను గమనించి కాగితం మీద పెట్టినవాడు బెంజమిన్ హేన్. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను విలియం రాక్స్‌బర్గ్ తర్వాత చూసుకున్న వృక్షశాస్త్రవేత్త ఆయన. 1813లో ఆయన రాసిన ఉత్తరాన్ని లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ అచ్చు వేసింది. ఇంట్లో రణపాల లాంటి సక్యులెంట్లు పెంచేవాళ్లకు ఆ పులుపు వెనకున్న సంగతి తెలిస్తే సగం పని తెలిసినట్టే.

మామూలు మొక్కలు పగలు ఆకుల్లోని పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. అప్పుడే ఎండకు నీరు కూడా ఆవిరైపోతుంది. రణపాల, కలబంద, జేడ్ లాంటివి పగలు ఆ రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తాయి. పీల్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. పొద్దున పులుపు దానిదే. ఎండ వచ్చాక ఆ ఆమ్లాన్నే వాడుకుని ఆహారం తయారుచేసుకుంటాయి. అందుకే వీటికి చాలా తక్కువ నీరు సరిపోతుంది.

గుమ్మానికి దిష్టి తగలకుండా తలకిందులుగా వేలాడదీసే కలబందే ఇందుకు సాక్ష్యం. మట్టి లేదు, చుక్క నీరు లేదు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఆకులు కాస్త సన్నబడతాయి, కొన రవ్వంత పైకి వంగుతుంది, అంతే. అదే కలబందను కుండీలో పెట్టి రోజూ చెంబుడు నీళ్లు పోస్తే మాత్రం నెల తిరక్కుండానే మొదలు కుళ్లిపోవచ్చు.

సక్యులెంట్లు ఇళ్లలో చనిపోయేది ఎక్కువగా ఇలాగే. వేళ్లకు నీటితోపాటు గాలీ కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అందులోని ఖాళీలన్నీ నీటితో నిండి వేళ్లకు ఊపిరాడదు, శిలీంధ్రాలు చేరి వేరుకుళ్లు పడుతుంది. విచారకరమేమిటంటే, కుళ్లు ఆకుల్లో కనబడేసరికి మొక్క వాడిపోతోందనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. రెండు లక్షణాలనూ పోల్చుకోవడం నేర్చుకోవాలి. దాహమైతే ఆకు ముడతలు పడుతుంది, చేత్తో నొక్కితే మెత్తగా వంగుతుంది. నీరెక్కువైతే పసుపు తిరిగి, అవతలి వెలుతురు కనబడేంత పలచగా, నీళ్లు నిండిన తిత్తిలా తయారై, తాకితే రాలిపోతుంది. మొదటిదానికి నీళ్లు పోస్తే చాలు, మళ్లీ నిండుగా అవుతుంది. రెండోదైతే మొక్కను పెరికి, నల్లబడ్డ వేళ్లు కోసేసి, గాయం ఆరేదాకా నీడలో ఉంచి పొడిమట్టిలో నాటాలి.

ఎన్ని రోజులకొకసారి పోయాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఆగస్టులో కాకినాడ గాలిలో ఉండే తేమ వేరు, అనంతపురం పొడిగాలి వేరు. కొబ్బరి ఈనె లాంటి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి తీస్తే తేలిపోతుంది. తడి మట్టి అంటుకుంటే ఆగాలి. పొడిగా వస్తే అడుగు రంధ్రం నుంచి కారేదాకా నిండుగా పోసి, కింది పళ్లెంలో మిగిలింది పారబోయాలి. రోజూ గుక్కెడు పోయడం వద్దు. ముసురు పట్టే రోజుల్లో కుండీలను చూరు కిందికి జరపడం తప్పనిసరి.

నర్సరీ మొక్కలు తరచూ కొబ్బరిపొట్టులోనే వస్తాయి. అది నీటిని పట్టి ఉంచుతుంది. తెచ్చిన వారంలోగా మార్చేయడం మంచిది. ఎర్రమట్టి, గరుకు ఇసుక, చిన్న ఇటుక ముక్కలు సమంగా కలిపి కాస్త ఎరువు చేరిస్తే సరిపోతుంది. రంధ్రం లేని పింగాణీ కప్పులు అందంగా ఉంటాయి కానీ వాటిలో మొక్క బతకడం కష్టం. మట్టి కుండీయే మేలు.

వెలుతురు చాలకపోతే కాండం సన్నగా సాగి, ఆకుల మధ్య దూరం పెరుగుతుంది. ఉదయపు ఎండ తగిలే కిటికీ వీటికి సరైన చోటు. నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా మే ఎండలో పెడితే ఆకులు కమిలిపోతాయి. ఆకుల సందుల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, వేపనూనె కలిపిన నీరు సాయంత్రం పిచికారీ చేయాలి.

పడకగదిలో పెడితే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయన్న ప్రచారాన్ని నమ్మి కొనాల్సిన పనిలేదు. అవి రాత్రి పీల్చేది కార్బన్ డయాక్సైడ్. నాలుగైదు కుండీలతో గది గాలిలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు.

గులాబీ పువ్వులా విచ్చుకునే ఎచెవేరియా చూసి మనసు పారేసుకోని వాళ్లుండరు. దాని సొంతగడ్డ ఎక్కువగా మెక్సికో కొండలు, చల్లని రాత్రులు. విజయవాడ వేసవిలో రాత్రి కూడా వేడి తగ్గదు కాబట్టి పత్రరంధ్రాలు సరిగా తెరుచుకోవు. ఎదుగుదల ఆగిపోతుంది, ఆ స్థితిలో పోసిన నీరే దాన్ని చంపుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు కలబంద, రణపాల, జేడ్‌తో ఒక వేసవి, ఒక వానాకాలం గడపండి. ఎచెవేరియా కొనాలనిపిస్తే వానలు తగ్గి చలి మొదలయ్యే నవంబరు దాకా ఆగండి.